శేషం వెండితెరపై, సరే... ఆ రీళ్లు ఎక్కడున్నాయి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత తెలుగు సినిమాల మీద వస్తున్న వ్యాసాలు వదలకుండా చదువుతాను. బాగుంటున్నాయి, కాదనను. కానీ ఎన్నాళ్ల నుంచి చూస్తున్నా ఒకటే వరస: పౌరాణికం, జానపదం, కుటుంబ కథ, మళ్లీ పౌరాణికం. మాయాబజార్ గురించి ఎన్నిసార్లు రాసినా చదువుతాం, అందులో ఇబ్బందేం లేదు. మరి అదే మద్రాసు స్టూడియో ఫ్లోర్లలో, అవే లైట్ల కింద, చాలాసార్లు అదే మనుషులు తీసిన హత్య సినిమాలు, సి.ఐ.డి. సినిమాలు, దొంగనోట్ల ముఠా సినిమాలు ఏమైపోయాయండీ? ఒక్క వారమైనా వాటి ఊసు రాలేదు.

నేను అవే పోగేస్తాను. వి.సి.డి.లు, బూజు పట్టిన వీడియో క్యాసెట్లు, పాటల పుస్తకాలు, పోస్టర్ల ముక్కలు, ఎవరో టీవీలోంచి రికార్డు చేసి ఇచ్చినవి. మా ఇంట్లో ఆ బీరువాని మార్చురీ అంటారు. అననివ్వండి. రూపాయి లాభం లేని పని అని నాకూ తెలుసు. ఈ ఉత్తరం నా సరదా గురించి కాదు, ఆ సినిమాలు మన కళ్ల ముందే మాయమైపోతున్నాయని చెప్పడానికి.

ముందు ఒక అపోహ తీసేయాలి. క్రైమ్ సినిమా అంటే ఏ ఊరూ పేరూ లేనివాళ్లు చుట్టేసిన చవకబారు సరుకు అనుకుంటారు. రోజులు మారాయి తీసిన తాపీ చాణక్య గారే 1965లో విజయా సంస్థకి సి.ఐ.డి. తీశారు. మాయాబజార్ తీసిన విజయా సంస్థే, రామారావు గారు, జమున గారు, సంగీతం ఘంటసాల గారు. అంతకుముందు 1963లో వి. మధుసూదనరావు గారు లక్షాధికారి తీశారు, తరవాత రెండేళ్లకి వీరాభిమన్యు తీసిన దర్శకుడే. ఇందులో "దాచాలంటే దాగవులే" పాట ఇప్పటికీ రేడియోలో వస్తే గొంతు కలిపేవాళ్లు ఉన్నారు, కానీ ఆ పాట ఒక క్రైమ్ కథలోదని చెబితే "అవునా?" అంటారు. "ఆమె ఎవరు?" అనే సినిమా సంగతీ అంతే. "ఓ నా రాజా రావా రావా" అని సుశీల గారి గొంతు వినగానే ఒళ్లు జలదరించే వాళ్లు వేలమంది, సినిమా మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్లు ఎంతమంది? పాట బతికి బట్టకట్టింది. సినిమాని ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె ఎవరు? గురించి ఇంకో మాట. 1966లో వచ్చింది, బి.ఎస్. నారాయణ గారి దర్శకత్వం, జగ్గయ్య గారు, జయలలిత. హిందీలో 1964లో రాజ్ ఖోస్లా తీసిన వో కౌన్ థీకి మనవాళ్ల రూపం. అదే కథ అదే ఏడాది తమిళంలో యార్ నీ పేరుతో వచ్చింది, అందులోనూ జయలలితే. ఒకే నటి, ఒకే తెల్లచీర దెయ్యం, రెండు భాషలు. ఈ మూడూ వరసగా పెట్టుకుని చూడటం నాలాంటివాడికి పండగ. హిందీలో మనోజ్ కుమార్ భయపడితే అందగాడు భయపడినట్టు ఉంటుంది, జగ్గయ్య గారు భయపడితే ఇంటి పెద్ద భయపడినట్టు ఉంటుంది. ఆ గొంతే అంత. "కాపీ సినిమాలు కదండీ, వాటిలో ఏముంది దాచుకోవడానికి?" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే: కథ అక్కడిదే, భయం మాత్రం మనది.

అన్నట్టు కాపీ మాట వచ్చింది కాబట్టి, మన సరుకు బయటికి వెళ్లిన సంగతి కూడా రాయాలి. 1966లో సుందర్‌లాల్ నహతా, డూండీ గార్లు నిర్మించి, ఎం. మల్లికార్జునరావు గారు తీసిన గూఢచారి 116 కృష్ణ గారిని రాత్రికి రాత్రి ఆంధ్రా జేమ్స్‌బాండ్‌ని చేసింది. మరుసటి ఏడాది అదే నిర్మాతలు దాన్నే హిందీలో ఫర్జ్‌గా తీశారు. దర్శకుడు రవికాంత్ నగాయిచ్, మన సీతారామ కల్యాణానికి కెమెరా పట్టిన మనిషి. జితేంద్రకి దశ తిరిగింది ఆ సినిమాతోనే. ఇప్పుడు ఫర్జ్ గురించి హిందీవాళ్లు రాసుకుంటూనే ఉంటారు. దాని తల్లి సినిమా నా దగ్గర మసక కాపీగా ఉంది, మూలన ఒక కంపెనీ ముద్ర ఎగురుతూ ఉంటుంది, సరిగ్గా కృష్ణ గారు ఏదో కాయితం తీసి చదవబోయేసరికి ఆ ముద్ర వచ్చి కాయితం మీద కూర్చుంటుంది. క్రైమ్ సినిమాలో కాయితం కనబడకపోతే ఇంకేం కనబడాలి సార్!

నిజం చెప్పాలంటే వీటిలో సగం మంచి సినిమాలు కావు. ఇంటర్వెల్ తరవాత కథ చతికిలపడుతుంది, కామెడీ ట్రాకు ఎందుకొచ్చిందో తెలీదు, విలన్ డెన్‌లో గోడ తిరగడం, ఎర్ర బల్బు వెలిగి ఆరడం, స్పీకర్లోంచి బాస్ గొంతు రావడం, ఇవన్నీ ఒక సినిమాలోవి ఇంకో సినిమాలో మార్పు లేకుండా కనిపిస్తాయి, బహుశా సెట్టు కూడా అదే అయ్యుంటుంది. అయినా చూస్తాను. ఎందుకంటే పౌరాణికంలో మద్రాసు కనబడదు, కుటుంబ కథలో ఇల్లు దాటి కెమెరా వెళ్లదు. క్రైమ్ సినిమాలో మాత్రం దొంగ పారిపోవాలి కదా, కారు వెంట కారు పడాలి కదా, అందుకని రోడ్లు కనిపిస్తాయి. అరవైల్లో మెరీనా పక్కన ఖాళీ రోడ్డు, హోటల్ లాబీలు, నల్ల టెలిఫోన్లు, టేప్ రికార్డరు మీద తిరిగే రెండు చక్రాలు, సిగరెట్ పొగలోంచి క్లబ్బు డాన్సు, వెనక ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు. ఆ కాలంలో మనవాళ్లు ఆధునికం అంటే ఏమనుకున్నారో, దేనికి భయపడ్డారో, దేనికి లోపల్లోపల ఆశపడ్డారో ఈ సినిమాల్లో ఉన్నంత పచ్చిగా ఇంకెక్కడా లేదు. కె.ఎస్.ఆర్. దాస్ గారి రౌడీ రాణి 1970లో వచ్చింది, విజయలలిత చేతిలో తుపాకి, పగ తీర్చుకునేది ఆవిడే, హీరో వచ్చి కాపాడే పని లేదు. అప్పటి కుటుంబ చిత్రాల్లో ఏ నాయిక అలా ఉంది చెప్పండి? ఆడవాళ్ల పాత్రల గురించి వ్యాసాలు రాసే మేధావులు ఈ సినిమా దగ్గర ఎందుకు ఆగరో నాకు అర్థం కాదు.

సరే, అసలు విషయానికి వస్తాను.

పాత క్రైమ్ సినిమా సంపాదించడం అంటే డిస్కు కొనేసి బీరువాలో పెట్టేసుకోవడం కాదు. వి.సి.డి. అంటే రెండు మూడు ముక్కలు, బొమ్మ సైజు 352 బై 288 చుక్కలు, అంటే ఈనాటి ఫోన్ తెరలో ఓ మూలకి సరిపోయేది. అది కూడా పూర్తి సినిమా అయితే సంతోషమే. పూర్తిదో కాదో తేల్చడానికి మాలాంటివాళ్లకి ఒక లెక్క ఉంది. సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది చూడండి, దాని మీద ఆపి, కళ్లు చికిలించుకుని, పొడవు ఎంతో చదవాలి. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, మీటర్లలో అయితే 27 చిల్లర. సర్టిఫికెట్ మీద 4,400 మీటర్లు అని ఉంటే సినిమా 160 నిమిషాలు ఉండాలి. డిస్కు 138 నిమిషాలకే శుభం కార్డు వేసేసిందంటే 22 నిమిషాలు, అంటే రెండు రీళ్లు, ఎక్కడో రాలిపోయినట్టే. ఆ రాలిపోయినవి పాటలైతే పర్వాలేదు అనుకుంటారు. మర్డర్ సినిమాలో ఆ రెండు రీళ్లలోనే ఉండొచ్చు అనుమానం ఎవరి మీదికి మళ్లాలో ఆ సంగతి. చివర్లో పోలీసు అధికారి "ఆ రోజు నువ్వు వదిలేసిన గ్లవ్ వల్లే దొరికిపోయావ్" అంటాడు, మనకేమో ఏ గ్లవ్వో తెలీదు.

సినిమా దొరకనప్పుడు పాటల పుస్తకమే దిక్కు. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లోనో, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో దొరుకుతాయి, పలచటి కాయితం, పట్టుకుంటే చేతికి పసుపు పొడిలా రాలుతుంది. అట్ట మీద హీరో పిస్తోలు, వెనకాల హీరోయిన్ కళ్లు, లోపల నటీనటులు, సాంకేతిక వర్గం, తరవాత కథ. ఆ కథ రాసేవాడు మహా గడుసువాడు. హత్య జరిగేదాకా చక్కగా చెబుతాడు, ముగ్గురి మీదా నలుగురి మీదా అనుమానం రేపుతాడు, ఆ వేళకి అక్కడ ఉన్న ఆ నల్లకోటు మనిషి ఎవరు అని అడుగుతాడు, ఠక్కున "శేషం వెండితెరపై చూడండి" అని చేతులు దులుపుకుంటాడు. సినిమా ఆడుతున్న రోజుల్లో అది టికెట్ కొనిపించే ఉపాయం. ప్రింటే లేని సినిమాకి ఆ పుస్తకం చదివితే మాత్రం మహా చిరాకేస్తుంది. హంతకుడెవరో చెప్పగలిగిన వాళ్లు ఆ సినిమా థియేటర్లో చూసిన ముసలివాళ్లే, వాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, ఉన్నవాళ్లని అడిగితే "రాజనాల అనుకుంటా... కాదు కాదు, ప్రభాకర్‌రెడ్డేమో" అంటారు.

ఎందుకు ఇలా జరిగింది అంటే, వాతావరణం, నిర్లక్ష్యం, డబ్బు లేకపోవడం, ఇవన్నీ అన్ని సినిమాలకీ ఉన్న బాధలే. ప్రింటు వెనిగర్ వాసన కొట్టడం మొదలెట్టిందంటే లోపల ఫిల్ము పాడైపోతున్నట్టు, ఏసీ లేని గోడౌన్లో మన ఎండలకి అది ఎన్నాళ్లు ఆగుతుంది? బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి ఉంటుందని దాన్ని కరిగించడానికి తూకానికి అమ్మేసిన వాళ్లున్నారు. నిర్మాత పోయాక ల్యాబుకి అద్దె కట్టేవాళ్లు లేక నెగటివ్‌లు దిక్కులేనివైపోయాయి. మన మొదటి టాకీ, 1932 నాటి భక్త ప్రహ్లాదే ఇవాళ లేదు, ఇక దొంగల సినిమాల సంగతి చెప్పేదేముంది అంటారేమో. కానీ క్రైమ్ సినిమాలకి ఒక ప్రత్యేకమైన శాపం ఉంది, నేను ఈ ఉత్తరం రాస్తున్నది దాని కోసమే.

మీ పత్రిక సంగతే తీసుకోండి. 1954లో వచ్చిన చట్టం ప్రకారం పుస్తకం అచ్చువేసినవాళ్లు జాతీయ గ్రంథాలయానికీ, మరి కొన్ని లైబ్రరీలకీ కాపీ ఇచ్చి తీరాలి. రెండేళ్ల తరవాత పత్రికల్నీ అందులో చేర్చారు. ఎంత చెత్త పుస్తకమైనా సరే, మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు. సినిమాకి అలాంటి చట్టం లేదు. పుణెలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, 2022 నుంచి కేంద్రం వాళ్ల చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసిపోయింది, పి.కె. నాయర్ లాంటి మహానుభావుడు దాన్ని తన ఒంటి చేత్తో పెంచాడు, ఊరూరూ తిరిగి రీళ్లు తెచ్చాడు. అయితే తప్పకుండా అక్కడికి చేరే దారి ఉన్నది జాతీయ అవార్డు వచ్చిన సినిమాకి, కేంద్రం వాళ్లు చిత్రోత్సవాల కోసం ఏరే ఇండియన్ పనోరమాకి ఎంపికైన సినిమాకి. మిగతావి నిర్మాత దయ, ఆర్కైవ్ వాళ్ల ఓపిక. ఇప్పుడు చెప్పండి, డెన్‌లో గోడ తిరిగే సినిమాకి అవార్డు ఎవడిస్తాడు? మన నంది అవార్డులు కూడా ఆ 1964లోనే మొదలయ్యాయి, ఏ సినిమాలకి పెద్దపీట వేశారో మీకు తెలియంది కాదు. అవార్డు రాలేదు కాబట్టి దాచలేదు, దాచలేదు కాబట్టి ఎవరూ చూడలేదు, చూడలేదు కాబట్టి మీ వ్యాసకర్త రాయలేదు.

అరవంలో ఎస్. బాలచందర్ గారు 1954లో అంద నాళ్ తీశారు. వీణ బాలచందర్ అంటే మనవాళ్లందరికీ తెలుసు, ఆయనే. సంగీతం ప్రాణంగా బతికిన మనిషి సినిమా తీస్తే అందులో ఒక్క పాట లేదు! తుపాకి పేలడంతో మొదలై, చచ్చిపోయినవాడి గురించి ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు, చచ్చినవాడు శివాజీ గణేశన్. ఎ.వి.ఎం. వాళ్ల సినిమా. దానికి జాతీయ అవార్డుల్లో యోగ్యతా పత్రం వచ్చింది, ఇవాళ్టికీ దాని గురించి పుస్తకాల్లో రాస్తారు, కుర్రవాళ్లు చూస్తారు. కన్నడం వాళ్లు రాజ్‌కుమార్ గారి సి.ఐ.డి. 999 సినిమాల్ని సొంత బిడ్డల్లా చెప్పుకుంటారు. మనకి మాత్రం ఆ రకం సినిమా అంటే చిన్నతనం.

అమెరికా వాళ్లదీ మొదట ఇదే కథ. నలభైల్లో, యాభైల్లో చవకగా తీసిపారేసిన క్రైమ్ సినిమాల్ని అక్కడ పెద్దవాళ్లెవరూ లెక్కచేయలేదు, ఫిల్మ్ నువార్ అన్న పేరు కూడా 1946లో ఫ్రాన్సు విమర్శకులు పెట్టిందే. డీటూర్ అని 1945లో ఒక చిన్న కంపెనీ తీసిన సినిమా ఉంది, కాపీరైట్ పొడిగించుకునే నాథుడు లేక వదిలేస్తే, అరిగిపోయిన కాపీలు దశాబ్దాల పాటు ఎవరు పడితే వాళ్లు అమ్ముకున్నారు. ఆ అరిగిపోయిన కాపీలు చూసి ప్రేమించినవాళ్ల వల్లే దానికి పేరొచ్చింది, 1992లో కాపాడుకోవాల్సిన సినిమాల వాళ్ల జాతీయ జాబితాలోకి ఎక్కింది, 2018లో అద్దంలా బాగుచేశారు. ఎడ్డీ ముల్లర్ అనే ఆయన 2005లో కేవలం ఈ రకం సినిమాల కోసమే ఒక ఫౌండేషన్ పెట్టాడు. వుమన్ ఆన్ ద రన్ అనే 1950 నాటి సినిమా ప్రింటు 2008లో యూనివర్సల్ స్టూడియో అగ్నిప్రమాదంలో కాలిపోతే ఇక పోయిందనే అనుకున్నారు, వెతగ్గా వెతగ్గా ఇంగ్లండ్‌లో ఫిల్ము బయటపడింది, బాగుచేసి మళ్లీ తెర మీద వేశారు. టూ లేట్ ఫర్ టియర్స్ అయితే తలో చోటా దొరికిన ఫిల్ము కలిపి అతికారు, 2014కి పూర్తయింది. ఇదంతా ప్రభుత్వం చేసింది కాదు. టికెట్ కొనుక్కుని పాత దొంగల సినిమా చూడటానికి జనం ఉన్నారని ముందు నిరూపించారు, తరవాత డబ్బు అదే వచ్చింది.

మన దగ్గర జనం లేరా? 2010లో మాయాబజార్‌కి రంగులు వేస్తే చూశాం. 2023 మే 31న, కృష్ణ గారు పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకి, మోసగాళ్ళకు మోసగాడు 4కెలో వస్తే ఈలలు వేసి మరీ చూశారు. కానీ ఆ భాగ్యం పెద్ద హీరోకి, పెద్ద హిట్టుకే. హిట్టు కానిది, హీరో ఇప్పుడు గుర్తులేనిది ఎవరు బాగుచేస్తారు?

కాపీరైట్ అడ్డం అనే సాకు కూడా చాలావాటికి ఇక చెల్లదు. మన చట్టంలో సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది దాటాక 60 ఏళ్లు. లక్షాధికారి 1963 కాబట్టి 2024 జనవరి 1 నుంచి ఆ సినిమా అందరిదీ. మాటలకి, పాటలకి రచయితల హక్కులు వేరే ఉంటాయి, అది లాయర్లు చూసుకుంటారు, ఫిల్ము స్కాన్ చేసి భద్రంగా పెట్టడానికి మాత్రం వంద మంది వారసుల సంతకాల కోసం తిరగక్కర్లేదు. రెండు రాష్ట్రాలకీ చలనచిత్ర అభివృద్ధి సంస్థలున్నాయి. అవార్డుల సభలకి, గద్దర్ అవార్డులైనా ఇంకోటైనా, అయ్యే ఖర్చులో ఓ పిసరు తీసి ఏడాదికి నాలుగు పాత సినిమాలు స్కాన్ చేయించినా చాలు. మనుషులు లేరనీ అనలేరు, 2019లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు హైదరాబాద్ వచ్చి ఫిల్ము ఎలా కాపాడాలో వర్క్‌షాప్ పెట్టి నేర్పించి వెళ్లారు. నేర్చుకున్నవాళ్లకి పని ఇవ్వండి మరి.

టీవీ చానళ్ల వాళ్లకి ఒక మాట. మీరు తొంభైల్లో గంపగుత్తగా హక్కులు కొన్నప్పుడు టేపుల మీదికి ఎక్కించుకున్న సినిమాలు మీ గోడౌన్లలో ఉన్నాయి. చాలా సినిమాలకి ఇప్పుడు ఆ టేపే ఆఖరి కాపీ అయ్యుండొచ్చు. అర్ధరాత్రి రెండింటికి వేయండి, ఏం పర్వాలేదు, మేం లేచి ఉంటాం. కానీ యాడ్ల కోసం క్లైమాక్సు ముందు సీను కత్తిరించకండి, ముద్ర కాస్త చిన్నది చేయండి.

పాత థియేటర్ల వాళ్లు, టూరింగ్ టాకీసు నడిపిన కుటుంబాల వాళ్లు, ఆపరేటర్ల పిల్లలు ఈ ఉత్తరం చదువుతుంటే, మీ అటక మీద డబ్బాలుంటే పాతసామాను వాడికి వేయకండి. మూత తీసి లాగి చూడకండి, ప్రొజెక్టర్‌కి ఎక్కించి చూద్దామనే సరదా అసలే వద్దు, అంచున చిల్లులు తెగిన ఫిల్ము ఒక్క తిప్పుకే ముక్కలవుతుంది. డబ్బా మీద పేరు, రీలు నంబరు రాసుకుని, చల్లగా ఉన్న చోట పెట్టి, పుణె ఆర్కైవ్‌కి ఉత్తరం రాయండి. అది ఏ సినిమా అయినా సరే. ముఖ్యంగా మీకు పేరు కూడా తెలియని సినిమా అయితే.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది చిన్నదే. ఆ ఆదివారం శీర్షికలో నెలకి ఒక్క వారం ఈ సినిమాలకి ఇవ్వండి. కింద చిన్న గడి కట్టి "ఈ సినిమా ప్రింటు గానీ, పాటల పుస్తకం గానీ, పోస్టరు గానీ ఎవరి దగ్గరైనా ఉందా?" అని వేయండి. మీ పత్రిక వెళ్లే ప్రతి ఊళ్లోనూ నాలాంటి పిచ్చివాడు ఒకడుంటాడు, వాడికి ఇంకో పిచ్చివాడు ఉన్నాడని తెలీదు. నా దగ్గరున్న పాటల పుస్తకాల జాబితా దీనితో జతచేశాను, ఎవరికి కావాలన్నా ఫొటో తీసి పంపుతాను, డబ్బులేం వద్దు.

ఉత్తరం పొడుగైంది, మీకు చోటు లేకపోతే ఎక్కడైనా కోసుకోండి, ఈ ఆఖరి వాక్యం మాత్రం ఉంచండి: 1968 నాటి సర్కార్ ఎక్స్‌ప్రెస్, కృష్ణ గారు, విజయనిర్మల గారు నటించినది, నా కాపీలో ఇంటర్వెల్ తరవాత ఒక రీలుకి పైగా పోయింది, మలయాళం కొచ్చిన్ ఎక్స్‌ప్రెస్ పక్కన పెట్టుకుని ఊహించుకుంటున్నాను గానీ అది వేరు ఇది వేరు, పూర్తి కాపీ ఉన్నవాళ్లు దయచేసి మీ ఆఫీసుకి ఒక కార్డు రాయగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం